బానెట్ల మీద డప్పులు

ముందు అడుగులు వినిపించాయి. తారు మీద చాలా బూట్లు ఒకేసారి పడుతున్న చప్పుడు. దాని వెనకే, రెప్పపాటు ఆలస్యంగా, ఒంటరిగా ఇంకొక బూటు. ఆ చప్పుడు సున్నపురాయి గోడకు తగిలి వెనక్కి వచ్చేది. వచ్చేసరికి మెత్తబడి, దూరాన ఎవరో దుప్పటి దులుపుతున్నట్టుండేది. తర్వాత ఒక గొంతు.

“ఏక్, దో, ఏక్. ఆ చివర ఎవరమ్మా? అందరూ ఈ శనివారంలో నడుస్తుంటే నువ్వింకా పోయిన శనివారంలోనే ఉన్నావు!”

నవ్వులు వినిపించాయి. అడుగులు చెదిరి, మళ్లీ కలిశాయి.

గోడ మలుపు తిరిగాక ఆ గొంతు తాలూకు మనిషి కనిపించింది. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో, పిల్లలు ఫుటీ అనే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడే మైదానం పక్కన, కార్లు నిలిపే చోట, మడతకుర్చీలో కూర్చుని ఉంది. కుడికాలు ఎదురుగా ఉన్న ఐసు పెట్టె మీద చాపుకుంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. నెత్తిన స్కూలు పిల్లలు పెట్టుకునే వెడల్పాటి టోపీ, మెడలో ఈల. ఆమె చుట్టూ కార్ల బానెట్ల మీద డప్పులు వెల్లకిలా పడుకుని ఎండ కాగుతున్నాయి. పట్టపగలు తెల్ల కార్ల మీదికి గోధుమరంగు చంద్రుళ్లు దిగినట్టుంది.

“కాత్యాయని అంటే నేనేనండి,” అంది, బ్యాండు గురించి రాయడానికి వచ్చానని నేను చెప్పగానే. “ఆ నీలం కారుకి ఆనుకోకండి, డప్పు జారుద్ది.”

ఆ మైదానంలో ప్రతి శనివారం సాయంత్రం పదేళ్లకు పైగా ఇదే జరుగుతోంది. తెలుగు సంఘం వాళ్ల పిల్లల బ్యాండు ఇక్కడ నడక నేర్చుకుంటుంది. చుట్టూ కొత్త ఇళ్లు, ఒకే రంగు కప్పులు, ఇసుకలో ఇంకా వేళ్లు దిగని చెట్లు. ఇళ్ల మధ్య మిగిలిపోయిన పొదల్లోంచి నల్ల కాకటూ చిలుకలు అరుస్తూ లేచి, డప్పు మోగగానే అరవడం మానేసి వెళ్లిపోతాయి. ఈ బ్యాండు మొదలైనప్పుడు ఆ ఇళ్లలో సగం లేవు. బ్యాండులో మొదటి వరసలో నడిచిన పిల్లలు ఇప్పుడు సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో ఎవరూ డప్పు పట్టుకుని వెళ్లలేదు. డప్పులు ఇక్కడే, కాత్యాయని గారి గ్యారేజీలో ఉంటాయి.

ఆమెది కాకినాడ. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరింది. పొడుగ్గా ఉందని బ్యాండులో నడుముకు వేలాడే సైడ్ డ్రమ్ము ఇచ్చారు. పొడుగ్గా లేకపోతే బ్యూగిల్ ఇచ్చేవారనీ, అప్పుడు తన జీవితం ఇంకోలా ఉండేదనీ ఆమె అంటుంది. ఎలా ఉండేదని అడిగితే, “పెదాలు వాచి ఉండేవి,” అంటుంది. రేడియోగ్రఫీ చదివింది. పెళ్లయ్యాక పెర్త్ వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆమె పని. ఊపిరి బిగబట్టమని, వదలమని రోజంతా అపరిచితులకు చెబుతుంది. భర్త గనుల్లో ఇంజనీరు. రెండు వారాలు ఉత్తరాన ఎర్రమట్టిలో, ఒక వారం ఇంట్లో. వాళ్లకు పిల్లలు లేరు. ఎవరూ అడగకముందే ఆ మాట ఆమే చెప్పేస్తుంది, దారిలో పడిన కర్రను పక్కకు జరిపినట్టు.

బ్యాండు ఎవరి ఆలోచనా కాదు. ఊళ్లో కౌన్సిల్ వాళ్లు ప్రతి నవంబరు చివర్లో ఒక ఊరేగింపు జరుపుతారు. మొదటి ఏడాది తెలుగు సంఘం వాళ్లు ఒక ట్రక్కు మాట్లాడుకుని, పిల్లలకు వేషాలు వేసి, వీధి చివర నిలబెట్టారు. ఒక రాముడు, ఇద్దరు కృష్ణులు, ఒక రాణీ రుద్రమ, ఇంకా ఎవరో తేలని దేవతలు కొందరు. ట్రక్కు దారిలోనే ఆగిపోయింది. ఎండకు రంగులు కరిగి కృష్ణుల నీలం మెడల్లోకి దిగింది. రాముడు ఏడుపు మొదలుపెట్టాడు. కాత్యాయని గారు అక్కడికి పులిహోర తెచ్చిన మనిషి, అంతే. గిన్నెలు ఖాళీ చేయించి, స్టీలు పళ్లేలు, మూతలు, గరిటెలు పిల్లల చేతికిచ్చింది.

“ఎత్తు ప్రకారం నిలబడండి,” అంది. “రాముడూ, నువ్వు మధ్యలోకి రా నాన్నా. దేవుడివైతే మాత్రం, పొట్టివాడివేగా.”

అలా పళ్లేలు కొట్టుకుంటూ దేవుళ్లు వీధి పొడవునా నడిచారు. రోడ్డు పక్క మడతకుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి పిల్లలు ఇళ్లలో పళ్లేలు సొట్టలు పెట్టడం మొదలుపెట్టారు. దాన్ని ఆపడానికే బ్యాండు పుట్టిందని తల్లులు చెబుతారు.

డ్రమ్ములు దొరకడం ఇంకో కథ. దగ్గరి ఊళ్లో స్కాట్లాండ్ వాళ్ల బ్యాగ్‌పైపుల బ్యాండు ఒకటి మూతపడింది. దాని పెద్దాయన షెడ్డు తలుపు తీసి, బూజు పట్టిన సైడ్ డ్రమ్ములు చూపించాడు. వాటి మీద ఊదారంగు ముళ్లపువ్వు గుర్తు ఉంది. మేమంతా ముసలివాళ్లమయిపోయాం, పిల్లలు రాలేదు, తీసుకుపో అన్నాడట. కాత్యాయని గారు ఆ గుర్తును చెరపలేదు. ఇప్పటికీ తెలుగు పిల్లల తెల్ల కుర్తాల మీద ఆ ముళ్లపువ్వు ఊగుతూ పోతుంది.

నడక ఆజ్ఞలన్నీ ఆమెకు తెలిసిన ఎన్.సి.సి. హిందీలోనే ఉండేవి. తేజ్ చల్ అంటే నడువు, థమ్ అంటే ఆగు, దాయే ముడ్ అంటే కుడికి తిరుగు. ఇక్కడ పుట్టిన పిల్లలు వాటిని తెలుగు మాటలే అనుకున్నారు. ఒక కుర్రాడు ఇంట్లో అమ్మమ్మ ఫోన్ చేస్తే, నాకు తెలుగు వచ్చు అని గొప్పగా “థమ్” అన్నాడట. సంఘం అధ్యక్షుడు శేషాచలం గారికి ఇది నచ్చలేదు. ఆయన గుండె డాక్టరు. ఈ దేశానికి అందరికంటే ముందు వచ్చినవారు. ఆజ్ఞలన్నీ తెలుగులో రాయించి తెచ్చారు. “ముందుకు సాగుము” అనగానే సగంమంది కదిలారు, మిగిలినవాళ్లు వాక్యం ఇంకా అవలేదేమోనని ఆగారు. డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మరుసటి వారం మళ్లీ హిందీ వచ్చేసింది.

ఈ బ్యాండుకు ఒక వాడుక ఉంది, ఎవరూ పెట్టనిది. పదకొండో క్లాసు చివరి ఊరేగింపుతో పిల్లలు మానేస్తారు. పన్నెండో క్లాసంటే పరీక్షలు, ట్యూషన్లు, మెడిసిన్‌లో సీటు. ఇంట్లో ఎవరూ మానమని చెప్పనక్కరలేదు. ఎత్తు ప్రకారం నిలబడే వరసలో ప్రతి ఏడూ ఎత్తైన చివర తెగిపోతుంది. అందుకే ఫొటోల్లో బ్యాండు ఎప్పుడూ ఒకే వయసులో ఉంటుంది. కాత్యాయని గారొక్కరే మారుతూ వస్తారు.

డప్పులు తెచ్చినవాడు ఉపేంద్ర. జగిత్యాల వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఒక శనివారం పిల్లల్ని దింపడానికి వచ్చి, కారు వెనక నుంచి ఒక డప్పు తీసి, వేళ్లతో మెల్లగా తట్టాడు. ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ వాళ్లు తోలు వస్తువని దాన్ని వారాలపాటు ఉంచుకుని, శుద్ధి చేసి పంపారు. పిల్లలు డ్రమ్ములు వదిలి అతని చుట్టూ చేరారు.

ఆ రాత్రికే వాట్సాప్‌లో గోల లేచింది. వారం తిరక్కుండా సంఘం హాల్లో సమావేశం. లలితకుమారి ముందుగా లేచింది. ఆమె ఊరు గుంటూరు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. ఆమె కూతురు శ్రావ్య అప్పటికి బ్యాండులో అందరికంటే చిన్నది.

“కాత్యాయని గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నానండీ. చావు దగ్గర కొట్టేది తెచ్చి పిల్లల చేతికిస్తారా? తోలు పట్టుకుని మా పిల్ల ఇంట్లోకొస్తే నేను దీపం ఎలా పెట్టుకోను?”

“మీ హ్యాండ్‌బ్యాగ్ కూడా తోలే కదండీ,” అన్నారెవరో వెనక నుంచి.

“దాన్ని నేను వాయించట్లేదుగా!”

నవ్వారు. నవ్వు ఆగాక ఉపేంద్ర లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“మా తాత సావు కాడ కొట్టేటోడు, పెండ్లి కాడ కొట్టేటోడు, ఊళ్ల సాటింపు ఏసేటోడు,” అన్నాడు. “మా నాయిన కొట్టనన్నడు. నాకు నేర్పియ్యలే. ఈడికొచ్చినంక ఫోన్ల వీడియోలు సూసి నేర్సుకున్న. గంతే.”

ఆ హాల్లో అంతకుముందు ఎవరూ అలాంటి మాట చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక అందరి తాతలూ ఒకేలా ఉండేవారు: పొలం ఉన్నవాళ్లు, బడి పెట్టించినవాళ్లు. ఎవరో కాఫీ ఫ్లాస్కు మూత తిప్పారు. శేషాచలం గారు కళ్లజోడు తుడుచుకుని, నిర్ణయం కాత్యాయనికే వదిలేద్దాం అన్నారు.

ఆమె తీసుకున్న నిర్ణయం ఇది: డప్పులు ఉంటాయి, ఉపేంద్ర ఇంకొన్ని తెప్పిస్తాడు. కాని వెనక వరసలో ఉంటాయి. ముందు సైడ్ డ్రమ్ములు, తర్వాత తాళాలు, చివర డప్పులు. సైడ్ డ్రమ్ము ఎలా నడిపిస్తే డప్పు అలా నడవాలి. అందరూ సమ్మతించారు. ఉపేంద్ర కూడా సరే అక్కా అన్నాడు. లలితకుమారి మాత్రం కూతుర్ని మానిపించి, ఏడాది తర్వాత ఆ పిల్ల డైనింగ్ టేబుల్ మీద చెంచాలతో చేసే రభస భరించలేక మళ్లీ పంపింది. శ్రావ్య తిరిగొచ్చి నేరుగా వెనక వరసకు వెళ్లి డప్పు అందుకుంది.

డప్పు తోలు వేడెక్కితేనే బిగుస్తుంది. ఉపేంద్ర మొదటి ఊరేగింపు రోజున తాతల నాటి పద్ధతే పట్టాడు. అట్టముక్కలు, ఎండు యూకలిప్టస్ ఆకులు పోగేసి, ఈ కార్ల మధ్యే మంట వేశాడు. ఆ ఆకుల్లో నూనె ఉంటుందని అతనికి తెలియదు. మంట మనిషెత్తు లేచింది. ఆ రోజు గాలికి, ఎండకి ఎక్కడా నిప్పు రాజేయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టిన రోజు. ఎదురింటివాళ్లు ఫోన్ చేశారు. ఎర్ర బండి సైరన్ మోగిస్తూ వచ్చింది. మంట ఆర్పాక అగ్నిమాపక దళం మనిషి డప్పును అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని వేడి చేయాలా, ఈ దేశంలో నీకు ఎండ కనబడలేదా మేట్ అని అడిగాడు. తన బండి బానెట్ మీద పెట్టి చూపించాడు. అప్పటి నుంచి బానెట్ల అలవాటు వచ్చింది. ఏ రంగు కారు ఎంత కాలుతుందో, ఏ తోలుకు ఎంతసేపు చాలునో పిల్లలకు తెలుసు. నడిచేవాళ్లు నడుస్తుంటే ఇద్దరు కార్ల మధ్య తిరుగుతూ డప్పుల్ని వేలితో మీటి వింటూ ఉంటారు, వంటింట్లో దోశ పెనం చూసినట్టు.

ఈ ఏడాది ఇక్కడి చలికాలంలో, అంటే జూన్, జూలైల్లో, కాత్యాయని గారి మోకాలు మొరాయించింది. తన ఆసుపత్రిలోనే తోటివాళ్లు ఎక్స్‌రే తీశారు. తెర మీద తన ఎముకల్ని తనే చూసుకుంది. వేలమందివి చూసిన కళ్లు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మోకీలు మార్చాలన్నారు, మార్చారు. నవంబరుకి చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడవగలుగుతోంది. వీధి పొడవునా కవాతు చేయలేదు.

శేషాచలం గారు చూడ్డానికి వచ్చారు. సోఫాలో కూర్చుని కాఫీ పూర్తిగా తాగాక మాట మొదలుపెట్టారు.

“కాత్యాయనీ, డాక్టర్‌గా చెబుతున్నా, ప్రెసిడెంట్‌గా కూడా చెబుతున్నా. ఈసారి ట్రక్ పెట్టేద్దాం. పెద్ద స్పీకర్లు, పైన పిల్లల డ్యాన్స్. సేఫ్‌గా ఉంటుంది. ప్రాక్టీసుకి రెండు శనివారాలు చాలు.”

“మీరు గుండె డాక్టరు కదండీ. మోకాలి సంగతి మీకెందుకు?”

“నీ మోకాలు సరే. ముందు ఎవరు నడుస్తారు? ఉపేంద్రా?”

“పిల్లల బ్యాండుని పిల్లే నడిపిద్ది. శ్రావ్య ఉంది.”

“ఆ పిల్లకి పదహారేళ్లు. వచ్చే ఏడాది మానేస్తుంది.”

“ఈ ఏడాది ఉందిగా.”

ఆయన కప్పు కింద పెట్టారు. ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. బ్యాండు నడుస్తుంది. దాని వెనకే స్పీకర్లతో ట్రక్కు కూడా సిద్ధంగా ఉంటుంది. నడక తప్పినా, వాద్యాలు మూగబోయినా, పిల్లలు ట్రక్కు ఎక్కేస్తారు. ఒకసారి ఎక్కితే ఇక ప్రతి ఏడూ ట్రక్కే. గ్యారేజీలో డ్రమ్ములు, డప్పులు ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం అన్నారు. ఆయన వెళ్లగానే ఆమె శ్రావ్యకు ఫోన్ చేసిందని భర్త చెప్పాడు. అది ఆయన ఇంట్లో ఉండే వారం.

ఊరేగింపు ముందు శనివారం శ్రావ్య ఆమె దగ్గర మాట తీసుకుంది. తెలుగు అర్థమవుతుంది గాని ఆ పిల్ల జవాబులన్నీ ఇంగ్లీషులోనే.

“నో కాల్స్ ఆంటీ. నో టెక్స్ట్స్. ప్రామిస్?”

“నేనేం చేస్తానే మధ్యలో ఫోన్ చేసి?”

“యూ విల్ కౌంట్ ఫర్ మీ. ఓవర్ ద ఫోన్. ఐ నో యూ.”

ఆమె ప్రామిస్ చేసింది.

ఊరేగింపు నాడు వాన పడింది. నవంబరు చివర్లో పెర్త్‌లో వాన అరుదు. పొద్దుటి నుంచి మబ్బు ఇళ్ల కప్పుల మీదికి వాలి, సన్నగా, శబ్దం లేకుండా రాలుతూనే ఉంది. ఊరి బయట నారింజ రంగు పూలచెట్లు తడిసి మరింత మండుతున్నట్టున్నాయి. కాత్యాయని గారిని వీధి చివర, ఊరేగింపు ముగిసే చోట, లైబ్రరీ చూరు కింద కుర్చీలో కూర్చోబెట్టాను. మొదలయ్యే చోటు అక్కడికి కనబడదు. రోడ్డు మలుపు తిరిగి వస్తుంది కాబట్టి ఏదైనా ముందు వినాల్సిందే.

“ఇవాళ బానెట్లు చల్లగా ఉంటాయి,” అంది కాసేపటికి. “తోలు ఈ తడికి అప్పడంలా మెత్తబడిపోద్ది. కొడితే పరుపు మీద కొట్టినట్టే.”

“సైడ్ డ్రమ్ములు ఉన్నాయి కదండీ.”

“అవి ప్లాస్టిక్. మోగుతాయి. కాని సగం బ్యాండు నోరు మూసుకుని నడిస్తే దాన్ని బ్యాండు అంటారేంటి? శేషాచలం గారు చెవి ఒగ్గి ఉంటారు.”

ఫోను ఆమె ఒళ్లో ఉంది. దాన్ని బోర్లా తిప్పి పెట్టుకుంది.

ఊరేగింపు రావడం మొదలైంది. పాత ట్రాక్టర్లు వచ్చాయి. తడిసిన రెక్కలతో డ్యాన్సు స్కూలు పాపలు వచ్చారు. అగ్నిమాపక దళం వాళ్లు బండి మీద నుంచి లాలీపాప్‌లు విసిరారు. తర్వాత మలుపు అవతల నుంచి స్పీకర్ల మోత వినిపించింది. పెద్ద పెద్ద బాస్ దెబ్బలు, వాటి మీద తేలుతున్న పాట. కాత్యాయని గారి చెయ్యి కర్ర మీద బిగిసింది. ఏ భాష పాటో తెలియడానికి ఇంకా దూరం ఉంది. ట్రక్కు మలుపు తిరిగింది. దాని మీద పంజాబీ కుర్రాళ్లు తలపాగాలకు పాలిథిన్ కవర్లు చుట్టుకుని భాంగ్రా ఆడుతున్నారు. ఆమె ఊపిరి వదిలింది. ఒక కుర్రాడు ఇటు చెయ్యి ఊపాడు, ఆమె కూడా ఊపింది.

ఆ తర్వాత రోడ్డు ఖాళీ అయ్యింది. వరసకీ వరసకీ మధ్య అలాంటి ఖాళీలు వస్తుంటాయి. తడి తారు మీద ఆకాశం పరుచుకుని ఉంది. ఎవరిదో గొడుగు మీద చుక్కలు పడుతున్నాయి. పిల్లవాడొకడు చిప్స్ ప్యాకెట్ చింపాడు.

అప్పుడు వినిపించింది. మొదట చెవికి కాదు, కుర్చీ ఇనుప కాళ్లలోంచి వచ్చినట్టు. తర్వాత గాలిలో. సన్నని, గట్టి, ఎండిన శబ్దం. వాన రోజున ఉండకూడని శబ్దం. దాని కింద సైడ్ డ్రమ్ములు మెల్లగా, అణిగి.

“డప్పులు,” అంది కాత్యాయని గారు. “డ్రమ్ములు ముందుండాలి కదా. ఎక్కడున్నాయి?”

మలుపు దగ్గర బ్యాండు తిరిగింది. ముందు వరసలో డప్పులు ఉన్నాయి. వాటి ముందు శ్రావ్య, చేతిలో ఏ కర్రా లేకుండా, వెనక్కి తిరిగి నడుస్తూ, పిల్లల ముఖాలు చూస్తూ భుజాలతో లయ చెబుతోంది. డప్పు కొట్టేవాళ్లు వంగుతున్నారు, లేస్తున్నారు, రెండడుగులు పక్కకు వేసి మళ్లీ కలుస్తున్నారు. వెనక సైడ్ డ్రమ్ములు వాటిని అందుకుంటూ వస్తున్నాయి. కుర్తాలు ఒంటికి అతుక్కుపోయాయి. టోపీల అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఫుట్‌పాత్ మీద ఉపేంద్ర గొడుగు మూసి చంకలో పెట్టుకుని వాళ్లతో సమానంగా నడుస్తున్నాడు. అతని వెనక లలితకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. అందరికీ వెనక ట్రక్కు, స్పీకర్ల మీద టార్పాలిన్ కప్పుకుని, ఖాళీగా, నెమ్మదిగా.

కాత్యాయని గారి చూపుడు వేలు కర్ర పిడి మీద లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఏక్, దో, ఏక్. ఆ లెక్క ఈ దరువుకు కుదరలేదు. రెండుసార్లు ఆపి మళ్లీ పట్టుకోబోయింది. మూడోసారి వేలు ఎత్తి అలాగే ఉంచింది. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. రోడ్డు పక్క జనంలో కొందరు చప్పట్లు కొట్టడం మరిచిపోయారు, కొందరు కొడుతూనే ఉన్నారు. వాళ్లు కూడా కొద్దికొద్దిగా కదులుతున్నారు, కదులుతున్నామని తెలియకుండా.

లైబ్రరీ ముందుకు రాగానే శ్రావ్య చెయ్యి పైకెత్తి, “థమ్!” అని అరిచింది. అన్నీ ఒక్కసారే ఆగాయి. మిగిలింది వాన ఒక్కటే.

శ్రావ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం నిండా నీళ్లు.

“ఆంటీ, డోంట్ బీ మ్యాడ్. ద డప్పూస్ వర్ డెడ్. లైక్, టోటల్లీ డెడ్. ఉపేంద్ర అంకుల్ సెడ్ కార్ హీటర్స్, సో ఎవ్రీ పేరెంట్ హ్యాడ్ టు హోల్డ్ వన్. ఫుల్ హీట్, విండోస్ అప్. మమ్ హ్యాడ్ వన్ ఆన్ హర్ ల్యాప్.”

“మీ మమ్మా?”

“షి వాజ్ స్వెటింగ్. షి కెప్ట్ ట్యాపింగ్ ఇట్ టు చెక్.”

అప్పటికి లలితకుమారి కూడా చూరు కిందికి వచ్చింది. చీర అంచు పిండుకుంటోంది.

“ఏం చూస్తారండీ నన్నలా? కారంతా ఒకటే తోలు వాసన,” అంది. “సర్వీసుకి ఇవ్వాలి.” మళ్లీ, “నేను పట్టుకున్నదే అందరికంటే బాగా మోగిందంట. ఉపేంద్ర గారే చెప్పారు,” అంది.

ఉపేంద్ర దూరంగా నిలబడ్డాడు. కాత్యాయని గారు చేత్తో పిలిస్తే దగ్గరికొచ్చాడు.

“అక్కా, ముందల నిలబడుమని నేను సెప్పలే,” అన్నాడు. “ఏడి సల్లారకముందే కొట్టాలె, ఎనక నిలబడితే మా వంతు వచ్చేసరికి సల్లబడ్తయ్ అని పోరగాళ్లే ముందటికొచ్చిన్రు. నేను వద్దనలే. గది నా తప్పే అనుకో.”

“ఏం తప్పు?” అంది ఆమె. అతని చేతిలోని తడి గొడుగు తీసుకుని, తన కుర్చీకి తగిలించింది. “ఆ దరువు మీ తాతదా?”

“ఏమో అక్కా. ఆయన కొట్టంగ నేనెప్పుడు ఇనలే. పోరగాళ్లే కలుపుకున్నరు.”

శేషాచలం గారు పెద్ద నల్ల గొడుగుతో నీళ్లు తొక్కుకుంటూ వచ్చారు. ట్రక్కు డ్రైవరు ఆయన వెనకే ఉన్నాడు.

“ఈయన్ని పంపించేస్తున్నా కాత్యాయనీ,” అన్నారు. “వచ్చే ఏడాదికి కూడా వద్దని చెప్పేశా. కాని ఆ పిల్ల తర్వాత ఎవరు?”

“ఆ పిల్లనడగండి,” అంది కాత్యాయని గారు. “మన ఇద్దరి కంటే దానికే తెలుసు.”

శ్రావ్య అప్పటికే వెనక వరసలో ఒక బక్క పిల్లవాడి భుజాలు పట్టుకుని ఏదో చూపిస్తోంది. రెండడుగులు పక్కకు, ఒకటి ముందుకు. వాడు తడబడ్డాడు, ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి చూపించింది. అవతల కౌన్సిల్ ఫొటోగ్రాఫరు అందర్నీ మెట్ల మీద నిలబెడుతున్నాడు. డప్పులు ముందు, డ్రమ్ములు వెనక, ఊరేగింపులో వచ్చిన వరసలోనే. ముళ్లపువ్వుల మీద వాన జారుతోంది. లలితకుమారి ఎవరి దగ్గరో దువ్వెన తీసుకుని కూతురి దగ్గరికి పరుగెత్తింది. పిల్లలు ఇటు తిరిగి, ఆంటీ కమ్, ఆంటీ కమ్ అని అరుస్తున్నారు.

కర్ర అందిస్తూ, చెయ్యి పట్టుకోమంటారా, మెట్ల దాకా నడిపిస్తాను అన్నాను.

“వద్దండి,” అంది కాత్యాయని గారు. “ఫొటోలో నేనుంటే ఆ వరస నేనే పెట్టాననుకుంటారు. అది వాళ్లు పెట్టుకున్నది. మీరెళ్లి కారు తీసుకురండి, ఈలోపు నేను మెల్లగా లేచి నిలబడతాను.”